ఒంటికి ఆఫ్ సీజన్

బాయిలర్ దయాసాగర్‌కి ఈ లోకంలో రెండంటే రెండే భయాలు. ఒకటి స్టీమ్ లీకు, రెండోది సూది మందు. మొదటిది వస్తే ఎదురెళ్ళి వాల్వు కట్టేస్తాడు. రెండోది వస్తోందని తెలిస్తే పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోతాడు.

అంచేత, వచ్చే మంగళవారం అనకాపల్లి ఆసుపత్రిలో పేరు రాయించేశానని స్వర్ణకుమారి కాఫీ గ్లాసు చేతికిస్తూ చెప్పేసరికి, మనవాడికి కాఫీ తాగకుండానే గొంతు కాలింది.

"ఎవలికి?" అన్నాడు, తనకి కాదన్నట్టు.

"మీకే. రక్తం, ఈసీజీ, ఒళ్ళంతా చెకప్పు."

"నాకేటయిందే? గుండ్రాయిలాగున్నాను."

"ఆ గుండ్రాయే మొన్న వడియాల పళ్ళెం పట్టుకుని మేడ మీదకెక్కి, ఆయాసంతో పావుగంట మాటాడలేదు. మీరు పావుగంట మాటాడకుండా ఉండడం పెళ్ళయ్యేక అదే మొదలు."

"అది గ్యాసే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. స్వర్ణకుమారి తండ్రి కూడా గ్యాసు, గ్యాసు అంటూ నిమ్మసోడాలు తాగుతూనే, ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, పాట పూర్తికాకుండానే కూలిపోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో గ్యాసనే మాట సిలిండరుకి తప్ప వాడరాదు.

"మా నాన్నా అదే అన్నాడు," అంది స్వర్ణకుమారి. అతని చేతిలోని గ్లాసు లాక్కుని వెళ్ళిపోయింది. కాఫీ అందులోనే ఉంది.

దయాసాగర్ చోడవరం చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటు. బుచ్చయ్యపేట నుంచీ, రోలుగుంట నుంచీ, రావికమతం నుంచీ వచ్చే చెరకు ట్రాక్టర్లన్నీ తను ఆవిరి పుట్టిస్తేనే పంచదార అవుతాయని అతని నమ్మకం. నమ్మకమేం, నిజమే. కాకపోతే ఆ నిజాన్ని పెళ్ళి భోజనాల్లోనూ, సమాధుల తోటలోనూ కూడా చెబుతుంటాడు. విన్నవాళ్ళు మళ్ళీ విని, మళ్ళీ తలూపుతారు. ఊళ్ళో అతనికి పేరు మాత్రం ఉంది. బాయిలర్ విషయంలో దయాసాగర్ మాటంటే మాటే.

ఇప్పుడు చెరకు క్రషింగ్ అయిపోయి మిల్లు ఆగింది. ఎండలు పేలుతున్నాయి. సీజన్లో వాడకుండా దాచుకున్న సెలవులన్నీ వాడుకునే రోజులు. ఆ సెలవుల్లో ఒకటి ఆసుపత్రి పాలవబోతోందనేసరికి దయాసాగర్ మెదడు స్టీమ్ మీద పనిచెయ్యడం మొదలెట్టింది.

ఉపాయం సాయంత్రానికి దానంతటదే ఇంట్లోకి నడిచొచ్చింది, చుట్ట చుట్టిన చార్టు పేపరు రూపంలో.

చర్చిలో పిల్లలకి వీబీఎస్, అంటే వేసవి సెలవుల బైబిలు బడి, జరుగుతోంది. ఈ ఏడు అంశం దేవుడిచ్చిన దేహం. ఆదివారం ముగింపు సభలో శరీరంలోని వ్యవస్థల గురించి మాట్లాడమని కూతురు జూడీకి అప్పజెప్పారు. ఆ గుంట నేల మీద చార్టు పరుచుకుని, ఎర్ర స్కెచ్చి పెన్నుతో పేగులు గీస్తూ గీస్తూ తండ్రి కాళ్ళ దాకా వచ్చింది.

"డాడీ, జీర్ణ వ్యవస్థ, శ్వాస వ్యవస్థ, రక్తప్రసరణ వ్యవస్థ, విసర్జక వ్యవస్థ, నాడీ వ్యవస్థ. పేర్లన్నీ వచ్చేసినాయి. ఎలా పన్జేస్తాయో చెప్పడమే రావట్లేదు."

"ఓస్, అదేటి బ్రహ్మవిద్య? మా ఫేక్టరీ సూసేవు కదా. ఒళ్ళూ అంతే."

దయాసాగర్ బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఇక ఆ మనిషిని ఆపడం ఎవరి తరం?

"నోరంటే మిల్లు. పళ్ళు రోలర్లు. సెరుకు పడ్డాది, నలిగింది, రసం కారింది. పిప్పిలో తీపి కూడా దిగాలని మేం పైనించి నీళ్ళు జల్లుతాం. దేవుడు నోట్లో లాలాజలం పెట్టేడు. ఆయనా మేవూ ఒకే డ్రాయింగు సూసి కట్టేం."

"మరి కడుపు?"

"రసం టేంకీ. మేం సున్నం కలిపి మరగబెడతాం. కడుపులో ఆసిడ్ ఊరుద్ది. అక్కణ్ణించి సిన్న పేగులోకెళ్తే, ఒంటికి కావలసిన సారమంతా అది పీల్సీసుకుంటాది. పెద్ద పేగు మిగిలిన నీళ్ళు లాగుద్ది. పిప్పి ఎనక నించి ఎల్లిపోద్ది."

"ఛీ, డాడీ!"

"ఛీ ఏటే? మా పిప్పి బాయిలర్‌కి మేత. నీ పిప్పే దేనికీ పన్జెయ్యదు."

జూడీ నవ్వు ఆపుకుంటూ రాసుకుంది. ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి దయాసాగర్ లేచి నిలబడ్డాడు. అది అతని సొంత డిపార్టుమెంటు.

"గాలి నేకపోతే మంట నేదు. మాకు గాలి లోనకి తోసే ఫేనొకటి, పొగ బయటికి లాగే ఫేనొకటి. నీ ఒంట్లో కూడా తిన్నది మండితేనే ఓపికొస్తాది. అది మండాలంటే ఆక్సిజన్ కావాల. పొగ బయటికెళ్ళిపోవాల. కిడ్నీలంటే వడపోత. మడ్డి తీసి పారేస్తాయి. నరాలంటే వైర్లు, మెదడు కంట్రోల్ రూము."

"మనింట్లో కంట్రోల్ రూము ఎవరు డాడీ?"

"నేనే."

వంటింట్లో గరిటె మూకుడు మీద ఠంగుమని మోగింది. తండ్రీ కూతుళ్ళు కాసేపు గొంతు తగ్గించారు.

"గుండెంటే ఫీడ్ పంపు. బాయిలర్‌కి నీళ్ళు తోసే పంపు. అదాగిందా, ఫేక్టరీ మటాష్. అందుకనే పక్కన స్టాండ్‌బై పంపు పెడతాం. ఒకటాగితే రెండోది అందుకుంటాది."

జూడీ పెన్ను నోట్లో పెట్టుకుని చార్టు వంక చూసింది. "కిడ్నీలు రెండు. ఊపిరితిత్తులు రెండు. గుండె ఒక్కటే కదా డాడీ. దాని స్టాండ్‌బై ఏదీ?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

"అదీ... దేవుడి తయారీ కదేటి. దానికి గేరంటీ ఉంటాది," అని దయాసాగర్ దాటేశాడు. కానీ ఆ గుంట వదిలితేనా?

"అయితే ఒంటికి ఆఫ్ సీజన్ ఎప్పుడు డాడీ?"

దయాసాగర్ మొహం మెల్లగా వెలిగింది. కూతురి తల నిమిరి, మొలతాడు సర్దుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి ప్రకటించాడు.

"ఒసే స్వర్ణా! నా ఆయాసానికి కారణం దొరికిపోనాది. ఏ మిసన్నైనా ఏడాదంతా తిప్పితే ఏటవుద్ది? అరిగిపోద్ది. అందుకనే సీజన్ అయ్యేక రెస్టిస్తాం. నా ఒంటికి పుట్టిన కాణ్ణించీ ఒక్క ఆఫ్ సీజనైనా ఇచ్చేమా? అది రోగం కాదే, రెస్టు నేక. రేపట్నించి నాకు ఆఫ్ సీజన్. కదల్ను, మెదల్ను. అనకాపల్లి అసలెళ్ళను. బందు మిల్లుని ఎవడైనా ఆటోలో ఎక్కించి తిప్పుతాడేటి?"

కురుక్షేత్రం మొదలవుతుందని జూడీ చార్టు చుట్టేసింది. కానీ స్వర్ణకుమారి చెయ్యి తుడుచుకుని, భర్తని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, "అలాగేనండి. ఆఫ్ సీజనంటే ఆఫ్ సీజనే. కాపోతే అంతా మీ ఫేక్టరీ రూలు ప్రకారమే జరగాల," అంది.

"ఫేక్టరీ రూలుకి నేనెప్పుడైనా అడ్డం సెప్పేనా?" అన్నాడు దయాసాగర్ ఛాతీ పొంగించి.

ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే తన వాదనలో బలం అలాంటిదని అనుకున్నాడు. పెళ్ళాం తేలిగ్గా ఒప్పుకున్న రోజున మొగుడు జాగ్రత్తగా ఉండాలని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

మర్నాడు పొద్దున్న దయాసాగర్ ఫ్యాను కింద మంచం వాల్చుకుని, రాజావారిలా పడుకున్నాడు. మోటారు వెయ్యమంటే ఆఫ్ సీజన్ అన్నాడు. మేడ మీద ట్యాంకు కడగమంటే ఆఫ్ సీజన్ అన్నాడు. పాలపేకెట్టు తెమ్మంటే ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూశాడు. ఇంత సుఖం ఇన్నాళ్ళూ ఎందుకు పోగొట్టుకున్నానా అని తనమీద తనకే జాలేసింది.

ఎండ గుమ్మంలోకొచ్చింది. ఇడ్లీల వాసన వచ్చింది. ఇడ్లీలు రాలేదు.

"ఏటే, టిఫినేదీ?"

"టిఫినేటండీ? మీ మిల్లు బందు కదా. బందు మిల్లుకి సెరుకెవరేస్తారు?"

దయాసాగర్ లేచి కూర్చున్నాడు. వాదిద్దామని నోరు తెరిచాడు. ఏ వైపు నుంచి చూసినా ఆ మాటలో తప్పు కనపడలేదు. అదీ అతన్ని కుంగదీసిన సంగతి.

"పూర్తిగా ఆపేస్తే తుప్పు పట్టదేటి?" అన్నాడు చివరికి.

"అది నాకు తెల్దేటి? అందుకనే ఇదిగో, తుప్పు పట్టకుండా మజ్జిగ. మజ్జాన్నం ఉడకబెట్టిన ఆనపకాయి ముక్కలు. ఉప్పు వెయ్యలేదు. ఉప్పుకి ఇనుము పాడవుద్దని మీరే అంటారు." మజ్జిగ గ్లాసు పక్కన ఇంకో చిన్న గిన్నె పెట్టింది. "ఇది ఆముదం."

"ఇదెందుకే?"

"ఆఫ్ సీజన్లో ట్యూబులన్నీ కడిగించరేటి మీరు?"

రూలు రూలే. దయాసాగర్ కళ్ళు మూసుకుని తాగేశాడు. జీర్ణ వ్యవస్థ చివరి భాగం ఎలా పనిచేస్తుందో జూడీకి ఆ పగలంతా ప్రత్యక్షంగా బోధపడింది. చార్టులో పెద్ద పేగుని ఇంకొంచెం లావుగా దిద్దుకుంది.

సాయంత్రం పక్కింటి బంగార్రాజు వచ్చాడు. మిల్లు దగ్గర ఫిట్టరు. మనిషి కంటే ముందు పొట్ట వస్తుంది. స్నేహితుడు మంచానికి అతుక్కుపోయి ఉండడం చూసి కంగారుపడ్డాడు గానీ, సిద్ధాంతం వినేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఎంత మాట సెప్పేవు గురూ! మా ఆడది సిన్నతల్లి పెరట్లో గొయ్యి తవ్వమని పేణం తీస్తంది. నా ఒంటికీ ఆఫ్ సీజనే!"

తిండి సంగతి దయాసాగర్ అతనికి చెప్పలేదు. సత్యాన్ని ఎవరికి వారే తెలుసుకోవాలి.

ఆదివారం సభలో జూడీ అదరగొట్టింది. మిల్లు, టేంకీ, ఫేన్లు, పంపు, ఒక్కటీ తప్పకుండా గుక్కతిప్పకుండా చెప్పింది. పాస్టరు గారు ముక్కు మీద వేలేసుకున్నారు. అక్కడితో కూర్చుంటే బాగుండేది. చప్పట్లు చూసి ఉత్సాహమొచ్చి, "మా డాడీ బాడీకి ఇప్పుడు ఆఫ్ సీజన్. అన్నం మానేసి ఆముదం తాగుతున్నారు. దయచేసి ఆయనకి ఎవరూ ఏమీ పెట్టొద్దని మా మమ్మీ చెప్పమంది. వందనాలు," అని దిగింది.

చర్చి గొల్లుమంది. మగాళ్ళ వరసలో ఉన్న ఫ్యాక్టరీ వాళ్ళకి ఆఫ్ సీజన్ మాటొక్కటే చెవికెక్కింది. ఆడవాళ్ళ వరసలో వాళ్ళకి అన్నం మాట చెవికెక్కింది. మధ్యాహ్నానికి ఆ వీధిలో సగం మంది మొగుళ్ళు మంచాలెక్కితే, సగం మంది పెళ్ళాలు స్వర్ణకుమారి అరుగు మీద చేరి రూల్సు కనుక్కుని వెళ్ళారు.

దయాసాగర్‌కి అదేమీ తెలీదు. బంగార్రాజు ఇంట్లోంచి కోడికూర వాసన వస్తుంటే, కాళ్ళు వాటంతటవే లేచాయి. గోడ పక్క నుంచి వెళ్ళి తలుపు తోశాడు.

బంగార్రాజు పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదర గిన్నెలో రాగిపిండితో కాచిన చోడంబలి. మొహం కూడా అదే రంగులో ఉంది.

"రా అన్నయ్యా," అంది అతని భార్య చిన్నతల్లి, కూరగిన్నె మీద మూత బిగిస్తూ. "మీకు మజ్జిగంట కదా? స్వర్ణొదిన సెప్పింది. మా ఆయనకి అంబలి. పిట్టరు కదా, కొంచెం సిక్కగా కాసేను."

"గురూ," అన్నాడు బంగార్రాజు హీనస్వరంతో, "ఈ ముక్క నాకు ముందు సెప్పేవు కాదు."

సోమవారం సాయంత్రానికి ఇద్దరికీ లోకమంతా బజ్జీల్లాగ కనపడసాగింది. వాకింగ్ అని చెప్పి బయల్దేరి, తిన్నగా బస్టాండు దగ్గర బజ్జీలమ్మే పరదేశి బండికి చేరారు. మూకుట్లో మిరపకాయ బజ్జీలు బంగారంలా తేలుతున్నాయి.

"రెండు పేట్లు," అన్నాడు దయాసాగర్ మూకుడు మీంచి చూపు తిప్పకుండా.

పరదేశి జల్లిగరిట పక్కన పెట్టి చేతులు జోడించాడు. "మీకు మాత్రం ఎయ్యను బాబూ. పాప సర్చిలో సెప్పిన కాడ మా ఆడదీ ఉంది. బందు మిల్లులో సెరుకేస్తే రోలర్లు ఇరిగిపోతాయంట కదా. రేపు మీకేటైనా అయితే నా బండి మీదకొస్తాది."

"ఒరే, నేను బాయిలర్ దయాసాగర్ని సెప్తన్నాను. ఏమీ అవదు!"

"మీ మాటంటే మాటే బాబూ. ఆ మాటే కదా పాప సెప్పింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రోషమొచ్చి దయాసాగర్ గిర్రున తిరిగి విసవిసా నడిచాడు. వీధి మలుపు దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. కల్వర్టు మీద చెయ్యి ఆనించి, అలాగే కూలబడ్డాడు. నోరు తెరిచి పీలుస్తున్నా గాలి చాలట్లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఏటి గురూ? ఏటయింది?" బంగార్రాజు వంగి అతని భుజం పట్టుకున్నాడు.

"ఏమీ నేదు. గ్యా..." అనబోయి దయాసాగర్ ఆగిపోయాడు. ఆ మాట ఎందుకో నోట్లోంచి రాలేదు. మామగారు గుర్తొచ్చారు. కాసేపటికి ఆయాసం తగ్గింది. తగ్గగానే ధైర్యం కూడా తిరిగొచ్చేసింది, ఎక్కడికీ పోనట్టు.

"ఆకలి. ఉత్తి ఆకలి. ఈ ఆఫ్ సీజన్ వల్లే నీరసం. ఇంటికెళ్ళి ఇప్పుడే బందు ఎత్తీస్తాను సూడు."

ఇంట్లోకి వస్తూనే గుమ్మంలో నిలబడి గట్టిగా అన్నాడు. "స్వర్ణా! ఆఫ్ సీజన్ అయిపోనాది. ఈవేళే సీజన్ ఓపెనింగు. బాయిలర్ ముట్టించు. కోణ్ణి తెప్పించు."

స్వర్ణకుమారి పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. వెనకాల బంగార్రాజు నిలబడ్డాడు. జూడీ తలుపు చాటు నుంచి తొంగి చూసింది.

"ముట్టించీమంటారా?"

"ముట్టించీ."

"అలాగే. ఇనస్పెక్టరు గారి సర్టిఫికెట్టేదీ?"

దయాసాగర్ ఒకడుగు వెనక్కి వేశాడు.

ఎందుకంటే ఆ రూలు ఎంత గట్టిదో ఆ ఊళ్ళో అతని కంటే తెలిసినవాడు లేడు. ఏడాదికోసారి బాయిలర్ ఇనస్పెక్టరు వచ్చి, ట్యూబులు చూసి, ప్రెషరు పెట్టి, సర్టిఫికెట్ ఇస్తేగానీ అగ్గిపుల్ల గియ్యరాదు. ఒక ఏడు యార్డులో చెరకు ఎండిపోతోందని పై ఆఫీసరొకాయన తొందరపెడితే, ఫర్నేసు తలుపు ముందు చేతులు చాపి నిలబడి, "నన్ను దాటి ముట్టించండి," అన్న మొనగాడు దయాసాగర్. ఆ కథ ఊళ్ళో పుట్టిన పిల్లలందరూ వింటూనే పెరిగారు.

"అదీ... ఫేక్టరీ బాయిలర్‌కి," అని నసిగాడు.

"ఇనప గొట్టాలకే అంత పట్టుబట్టేరు. నాకున్నదొక్క బాయిలర్. దాని పంపుకి స్టాండ్‌బై నేదని ఈ గుంట కూడా కనిపెట్టింది." స్వర్ణకుమారి గొంతు అక్కడిదాకా గట్టిగానే ఉంది. తరవాత ఒణికింది. "నాకు బయమేస్తందండీ. మీరు పడుకున్నాక మీ ఊపిరే వింటా పడుకుంటన్నాను. కొంచెం సప్పుడు తగ్గితే లేచి ముక్కు దగ్గర చెయ్యెట్టి సూస్తన్నాను. సూదికి బయపడతన్నారని తెలుసు. నా బయం ముందు అదెంత? ఇనస్పెక్షన్ నేకండా ఈ పొయ్యి ముట్టించను. నన్ను దాటి ముట్టించుకోండి."

అని వంటింటి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

దయాసాగర్ బంగార్రాజు వంక చూశాడు. బంగార్రాజు చూపు తప్పించాడు. "ఒదిన సెప్పింది రూలే గురూ. మరి... ఇందాకా కల్వర్టు కాడ..."

"ఏ కల్వర్టు?" అంది స్వర్ణకుమారి.

ఇక చెప్పేదేముంది? మంగళవారం పొద్దున్నే ఇంటి ముందు ఆటో ఆగింది. దయాసాగర్ ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరో తోసినట్టు కాక తనకై తానే ఎక్కినట్టు కనపడేలా ఎక్కాడు.

ఆసుపత్రిలో కూడా మొదట తగ్గలేదు. డాక్టర్ కీర్తి చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండదు. ఆమె స్టెతస్కోపు పెట్టేలోగానే ఊపిరితిత్తులంటే ఫేన్లనీ, కిడ్నీలంటే వడపోతనీ మొత్తం ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించాడు. సూది గుచ్చి రక్తం తీస్తున్నప్పుడు మాత్రం చక్కెర తయారీ పాఠం మధ్యలో ఆగి, స్వర్ణకుమారి చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ చెయ్యి నలిగింది గానీ కిక్కురుమనలేదు.

తరవాత డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టింది. ఆ పట్టీకి గొట్టం, గొట్టానికి గుండ్రటి డయలు. డయల్లో ముల్లు. దయాసాగర్ కళ్ళు తెరిచాడు.

ప్రెషర్ గేజి! ఇది మన సరుకే.

ముల్లు సర్రున పైకెళ్ళింది. డాక్టరమ్మ మెల్లగా గాలి వదులుతోంది. ముల్లు దిగుతోంది. దిగుతూ దిగుతూ ఒకచోట చిటుక్కుమని ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. ఆ ఎగిరే చోటేమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. జీవితమంతా ముళ్ళ వంకే చూసినవాడు.

"దీనికి దాటకూడని ఎర్రగీత ఎక్కడమ్మా?" అన్నాడు.

"నూట నలభై దగ్గర గీసుకోండి."

దయాసాగర్ ముల్లు మొదట ఎగిరిన చోటు మళ్ళీ చూసుకున్నాడు. మా బాయిలర్ ఇంతకెళ్తే నేను షిఫ్టు మొత్తాన్ని బయటికి పరుగెత్తిస్తాను కదా అనుకున్నాడు. స్వర్ణకుమారి డయలు వంక చూడనే లేదు, అతని మొహం చూసింది. ఆవిడకి అందులోనే అంకె కనపడింది.

"లోడు తగ్గించాలేటమ్మా?" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"తగ్గించాలి. ఎన్నాళ్ళ నుంచో ఇలా నడుస్తోంది. ఈసీజీలో గుండె మీద కాస్త భారం కనిపిస్తోంది గానీ, టైముకొచ్చారు. మాత్రలు మానకండి. ఉప్పు, నూనె తగ్గించండి. రోజూ నెమ్మదిగా నడవండి. రక్తం రిపోర్టు చూసి ఇంకా చెబుతాను, వచ్చే నెల మళ్ళీ రండి. ముఖ్యంగా, కోపాలూ టెన్షన్లూ వద్దు."

"పేణానికి?" అంది స్వర్ణకుమారి.

"ఇప్పుడు భయం లేదు. వచ్చే నెల మళ్ళీ రాకపోతే అప్పుడు నన్నడగకండి."

స్వర్ణకుమారి అక్కడే కుర్చీలో కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. దయాసాగర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. స్టీమ్ లీకైతే వాల్వు కట్టగలడు. పక్కన నిలబడి ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు, అంతే.

తిరుగు ఆటో సగం దూరం వచ్చింది. చెరకు మోళ్ళ పొలాలు వెనక్కి పోతున్నాయి. ఎన్ని మలుపులు తిప్పి చూసినా తను ఎక్కడ దొరికిపోయాడో అతనికి అంతుబట్టలేదు.

"ఒసే స్వర్ణా. ఆ ఇనస్పెక్షన్ సంగతి నీకెలా తట్టిందే?"

"పెళ్ళైన కాణ్ణించీ మీరు ఇంటికొచ్చి మాటాడిందంతా బాయిలర్ గురించే కదండీ. అన్నం తింటన్నప్పుడూ అదే. పడుకోబోతన్నప్పుడూ అదే. నాకు వాల్వులన్నీ పేర్లతో సహా వచ్చు. మీరు సెప్పిందాన్లో ఒక్క ముక్కైనా నేనొదిలీలేదు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నేను సెప్పిందే మీ చెవినెప్పుడూ పడలేదు."

దయాసాగర్ తల వంచుకున్నాడు. ఇంత పెద్ద యంత్రాన్ని చెవి పెట్టి వినే మనిషికి, పక్కనున్న మనిషి మాట వినపడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, ఎన్నడూ అనని మాట ఒకటి అనేశాడు.

"సరే. సెప్పు. ఏటేటి సెప్పాలనుకున్నావో అంతా సెప్పు. ఇంటాను."

"నిజంగానేటి?"

"డాక్టరమ్మ కోప్పడద్దంది కదా. మధ్యలో ఒక్క మాటైనా అన్ను."

స్వర్ణకుమారి కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీదింది. కొంగు సర్దుకుని, సీట్లో అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"అయితే మన పెళ్ళినాడు మీ మేనత్త నా చీర సూసి అన్న మాట కాణ్ణించి మొదలెడతాను," అంది.

ఆటో చోడవరం బస్టాండు చేరేసరికి, ఆవిడ చెప్పేదాంట్లో వాళ్ళ పెళ్ళై ఇంకా మూడో నెలే నడుస్తోంది. నెమ్మదిగా నడవమంది డాక్టరమ్మ. దయాసాగర్ ఆటోని అక్కడే పంపించేసి, పెళ్ళాం పక్కనే నెమ్మదిగా నడుస్తూ, ఊఁ కొడుతూ, ఇల్లొచ్చేసరికి ఆవిడ మాటలు అయ్యేలా లేవని, ఇంటి ముందు నుంచే ఇంకో చుట్టు తిరగడానికి సిద్ధమయ్యాడు.